ప్రోగ్రామింగ్‌లో ప్రత్యేక రంగం ఎంపిక

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు వెబ్, మొబైల్, డేటా, సెక్యూరిటీ, క్లౌడ్, ఎంబెడెడ్ వంటి శాఖల్లో ఒకదాన్ని తమ ప్రధాన వృత్తిగా నిర్ణయించుకోవడమే ప్రత్యేక రంగం ఎంపిక. దీన్ని స్పెషలైజేషన్ అనీ, డొమైన్ అనీ, ట్రాక్ అనీ అంటారు. "ఏ టెక్నాలజీ మీద వెళ్లాలి?" అని అడగడమే మన దగ్గర ఎక్కువ. తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న మరీ ముందుగా వచ్చిపడుతుంది. ఇంటర్ పూర్తయి ఈఏపీసెట్ ర్యాంకు చేతికి రాగానే వెబ్ ఆప్షన్ల పట్టికలో కంప్యూటర్ సైన్స్ ఒక్కటే కనిపించదు. తెలంగాణ కౌన్సెలింగ్‌లో సీఎస్‌ఎం అంటే కృత్రిమ మేధ, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, సీఎస్‌సీ అంటే సైబర్ సెక్యూరిటీ. పదిహేడు, పద్దెనిమిదేళ్ల విద్యార్థి, తరచుగా ఒక్క ప్రోగ్రామైనా రాయకముందే, ఏ రకం ప్రోగ్రామర్ కావాలో ఆ మూడక్షరాల కోడ్‌తో చెప్పాల్సి వస్తోంది. నాలుగేళ్ల తర్వాత కోచింగ్ సెంటర్ల బోర్డుల ముందు అదే ప్రశ్న మళ్లీ నిలబడుతుంది. రెండు చోట్లా రంగాన్ని దాని పేరును బట్టో, అందులో వాడే పనిముట్టును బట్టో గుర్తిస్తారు. చిక్కు అక్కడే ఉంది. ఒక రంగాన్ని మరో రంగం నుంచి నిజంగా వేరుచేసేది పనిముట్టు కాదు, అక్కడ పుట్టే తప్పుల స్వభావం. ప్రోగ్రామర్ రోజులో పెద్ద భాగం కొత్త కోడ్ రాయడంలో కాక, రాసింది ఎందుకు పనిచేయడం లేదో కనిపెట్టడంలోనే గడుస్తుంది. ఏ రకం తప్పును వెతుకుతూ ఒక మనిషి విసుగెత్తకుండా కూర్చోగలడో, అదే అతని రంగం.

ఈ విభజన ప్రోగ్రామింగ్‌తో పాటు పుట్టింది కాదు. 1946లో లోకానికి పరిచయమైన ఎనియాక్ కంప్యూటర్‌కు పని అప్పగించిన ఆరుగురు మహిళలు లెక్కను అడుగులుగా విడగొట్టడం, తీగలు మార్చి బిగించడం, లోపం ఎక్కడుందో కనిపెట్టడం అన్నీ తామే చేసుకున్నారు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో నిర్వహించిన సదస్సు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అనే మాటకు ప్రచారం తెచ్చింది కానీ, అక్కడ చర్చకు వచ్చింది పెద్ద ప్రోగ్రాములు సమయానికి, సవ్యంగా ఎందుకు పూర్తికావడం లేదన్న ప్రశ్న. ఎవరు ఏ శాఖలో ఉండాలన్న ప్రస్తావన కాదు. శాఖల పేర్లు తర్వాత మార్కెట్ పెరిగేకొద్దీ పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ చరిత్రలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములను 2000 రాకముందే సరిదిద్దాల్సి రావడంతో మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ తెలిసినవారికి గిరాకీ ఏర్పడింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాలు వెలిశాయి. ఆ తర్వాత అక్కడి బోర్డుల మీద జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్, టెస్టింగ్ టూల్స్, హడూప్, డెవాప్స్, డేటా సైన్స్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ బోర్డులు ఏ ఏడాది ఎవరికి ఉద్యోగాలు దొరికాయో చెబుతాయే తప్ప, ప్రోగ్రామింగ్ అనే విద్య ఎలా విభజితమైందో చెప్పవు. బోర్డును చూసి రంగాన్ని ఎంచుకునేవారు నిన్నటి గిరాకీని రేపటి వృత్తిగా తీసుకుంటున్నారు.

పనిముట్లు ఎంత త్వరగా పోతాయో చెప్పడానికి ఉదాహరణలకు కొదవ లేదు. ఒకప్పుడు వెబ్‌లో యానిమేషన్, ఆటలు, వీడియో అంటే ఫ్లాష్. దానికోసమే పనిచేసే డెవలపర్ల వర్గం ఒకటి తయారైంది. 2017లో అడోబ్ దాన్ని ఆపేస్తున్నట్టు చెప్పి, 2020 చివరికి నిజంగానే ఆపేసింది. నోకియా ఫోన్లలోని సింబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పట్టు సాధించినవారికి 2011 ఫిబ్రవరిలో ఆ కంపెనీ విండోస్ ఫోన్ వైపు తిరగడంతో దారి మూసుకుపోయింది. కొన్నేళ్లకు విండోస్ ఫోన్ కూడా పోయింది. 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కు 2016లో అదే పేరుతో పూర్తిగా వేరే వారసుడు వచ్చాడు, 2021 ముగియగానే పాతదానికి మద్దతు ఆగిపోయింది. పక్కనే వేరే వరుస కూడా ఉంది. 1970లో ఎడ్గార్ కాడ్ రాసిన పరిశోధనా పత్రం నుంచి మొలిచి, 1974లో తొలిరూపం దాల్చిన డేటాబేసు భాష ఎస్‌క్యూఎల్ నేటికీ బ్యాంకు నుంచి సినిమా టికెట్ల యాప్ వరకు అన్నిటినీ నడిపిస్తోంది. 1972 నాటి సీ భాష, 1983లో ఇంటర్నెట్‌కు ఆధారంగా స్థిరపడిన టీసీపీ/ఐపీ కూడా అంతే. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. మొదటి వరుసలోనివి దాదాపుగా ఒక్కో కంపెనీ చేతిలో ఉన్నవి. రెండో వరుసలోనివి ఎవరి సొంతమూ కాకుండా ప్రమాణాలుగా మారి, తమ మీద ఇంకెన్నో అంతస్తులు లేపించుకున్నవి. పోయినవాటిని ఏరి చూపడం తేలికే, నిలిచినవాటిని చూసి అవి నిలవక తప్పదనడమూ తేలికే. అందుకే ఇక్కడ పనిముట్టు ఆయుష్షు కంటే గమనించాల్సింది ఇంకొకటుంది. ఫ్లాష్ పోయింది గానీ, తెర మీద బొమ్మ సకాలంలో కదలకపోవడం అనే తప్పు పోలేదు. సింబియన్ పోయినా, కొద్దిపాటి బ్యాటరీతో, తెగిపోతుండే నెట్‌వర్క్‌తో పనిచేయాల్సిన చిక్కు ఆండ్రాయిడ్‌కు అలాగే సంక్రమించింది. పనిముట్టు మారినప్పుడు మనిషితో పాటు కొత్త చోటికి వెళ్లేది తప్పులను పట్టే నేర్పు ఒక్కటే.

వెబ్ ముందుభాగం, అంటే వాడకందారుకు కనిపించే తెరను తయారుచేసే ఫ్రంట్ఎండ్, తొలిమెట్టుగా ఎక్కువమంది ఎంచుకునే రంగం. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్ దీనికి మూలాలు. 2013లో వచ్చిన రియాక్ట్ వంటివి వాటి మీద కట్టినవి. ఇక్కడి తప్పు కంటికి కనిపిస్తుంది. బటన్ పక్కకు జరిగింది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, పాత ఫోన్లో పేజీ తెరుచుకోలేదు. మార్చిన వెంటనే ఫలితం తెలియడం కొత్తవారికి పెద్ద వరం. కానీ కనిపించే తప్పు చిన్న తప్పు అనుకోవడం పొరపాటు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కుదేలు చేసింది. 'జ్ఞా' అనే సంయుక్తాక్షరాన్ని కంటికి కనపడని ఒక విభజన సంకేతంతో కలిపి పంపితే, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. యాపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. జ్ఞానం అనే మాటలోని తొలి అక్షరానికే ఫోన్ మొరాయించిందంటే నవ్వొస్తుంది గానీ, వత్తు, గుణింతం ఒకే అక్షరంగా ఎలా ముడిపడతాయన్న లెక్క ఎంత సున్నితమో అది చూపించింది. ఇంగ్లిష్ మాత్రమే చూసి తయారుచేసిన తెర తెలుగులో ఎక్కడ విరుగుతుందో గుర్తించే చూపు ఏ ఫ్రేమ్‌వర్క్ పాఠంలోనూ దొరకదు.

వెనకభాగం, అంటే సర్వర్లు, డేటాబేసులు ఉండే బ్యాకెండ్‌లో తప్పు కంటపడదు. ఒక్కరు వాడినప్పుడు అన్నీ సవ్యంగా ఉంటాయి. వెయ్యిమంది ఒకేసారి వచ్చినప్పుడు ఒకే బెర్తు ఇద్దరికి దక్కుతుంది, ఖాతాలోంచి డబ్బు రెండుసార్లు పోతుంది. రెండు పనులు ఒకదానికంటే ఒకటి ముందు పరుగెత్తడం వల్ల వచ్చే ఈ రకం లోపం ఎంత ప్రమాదకరమో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం నిరూపించింది. 1985, 1987 మధ్య కెనడా, అమెరికాల్లో ఆ యంత్రం ఆరుగురికి మోతాదును ఎన్నో రెట్లు మించి రేడియేషన్ ఇచ్చింది, కొందరు చనిపోయారు. కొన్ని ప్రమాదాలకు కారణం ఆపరేటర్ వివరాలను చకచకా సరిదిద్దినప్పుడు ఆ మార్పు యంత్రంలోని మరో పనికి చేరకపోవడం. మెల్లగా టైప్ చేసి పరీక్షిస్తే ఆ లోపం బయటపడేది కాదు. బ్యాకెండ్ రంగానికి కావలసింది ఈ సహనం. చేతిలో లాగ్ ఫైళ్లు తప్ప మరో సాక్ష్యం లేనప్పుడు, ఏది ముందు జరిగి ఉంటుందో ఊహించి, ఆ ఊహను పరీక్షించగలగాలి. జావాతో చేసినా, పైథాన్‌తో చేసినా, గోతో చేసినా ఈ పని మారదు. మొబైల్ రంగం ఈ రెంటి కలయిక లాంటిది. ఆండ్రాయిడ్‌లో జావా స్థానంలోకి కోట్లిన్, ఐఫోన్లలో ఆబ్జెక్టివ్-సీ స్థానంలోకి 2014 తర్వాత స్విఫ్ట్ వచ్చినా, వేల రకాల ఫోన్లలో ఏదో ఒకదానిలో మాత్రమే వచ్చే తప్పును వెంటాడటమే అక్కడి నిత్యకృత్యం.

డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ మీద ఇప్పుడున్నంత మోజు మరే రంగం మీదా లేదు. 2012లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ డేటా సైంటిస్టు ఉద్యోగాన్ని ఈ శతాబ్దపు అత్యంత ఆకర్షణీయమైన కొలువుగా వర్ణించింది. అదే ఏడాది అలెక్స్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ బొమ్మలను గుర్తించే పోటీలో మిగతావాటిని చాలా వెనక్కి నెట్టింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఆకర్షణకు కారణాలు సరైనవే, కానీ అక్కడి తప్పు ఎలా ఉంటుందో కోర్సు ప్రకటనల్లో ఉండదు. మామూలు ప్రోగ్రాములో తప్పుంటే చాలాసార్లు ఎర్రర్ వస్తుంది. మెషీన్ లెర్నింగ్‌లో ఏ ఎర్రరూ రాకుండా ప్రోగ్రాము చివరిదాకా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పుతుంది. ఉద్యోగ దరఖాస్తులను వడపోయడానికి అమెజాన్ తయారుచేసుకున్న ఒక వ్యవస్థ మహిళల దరఖాస్తులను తక్కువ చేసి చూస్తోందని 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. అంతకుముందు పదేళ్ల దరఖాస్తులు ఎక్కువగా మగవారివి కావడంతో యంత్రం ఆ వివక్షనే పాఠంగా నేర్చుకుంది. తప్పు కోడ్ లైన్లలో కాక, నేర్పిన డేటాలో ఉంది. ఇలాంటి లోపాన్ని పట్టాలంటే సంఖ్యాశాస్త్రం, సంభావ్యత మీద పట్టుతో పాటు, వచ్చిన అంకెను నమ్మకపోవడం అనే అలవాటు కావాలి. లైబ్రరీని పిలిచే నాలుగు లైన్లు నేర్చుకుని ఈ రంగంలోకి దిగడం నేల విడిచి సాము చేయడమే.

ఆ సామెత సైబర్ సెక్యూరిటీకి ఇంకా బాగా అతుకుతుంది. సెక్యూరిటీ నిజానికి మిగతా రంగాల పక్కన ఉండేది కాదు, వాటి మీద ఉండేది. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్‌నే తీసుకుంటే, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో ఎదుటివారు చెప్పిన పొడవును సరిచూడకుండా నమ్మడం వల్ల, ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమొరీ పరాయివారికి చేరేది. సీ భాషలో మెమొరీ ఎలా ఉంటుందో తెలియనివారికి అది అంతుచిక్కని మాయ, తెలిసినవారికి మర్చిపోయిన ఒక్క తనిఖీ. 2021 డిసెంబరు నాటి లాగ్‌4షెల్ జావా ప్రపంచంలోనిది. సందేశాన్ని నమోదుచేయాల్సిన సాధనం అందులో రాసిన చిరునామాకు వెళ్లి ప్రోగ్రాము తెచ్చి నడిపేది. రెండూ రెండు వేర్వేరు రంగాల తప్పులు. దేని లోపలి తీరూ తెలియనివారు సెక్యూరిటీలో చివరికి ఎవరో రాసిన స్కానర్‌ను నడిపి, దాని నివేదికను ముందుకు పంపేవారిగా మిగిలిపోతారు. డెవాప్స్, క్లౌడ్ కూడా ఇలాంటి పై అంతస్తే. ప్రోగ్రాములను కంటైనర్లలో పెట్టి నడిపే డాకర్ 2013లో వచ్చి కొత్తగా కనిపించినా, అది నిలబడింది అంతకు చాలా ఏళ్లు ముందే లినక్స్ కెర్నెల్‌లో చేరిన సౌకర్యాల మీద. ఆ రంగంలో తప్పు కోడ్‌లో కాక, కోడ్‌ను చేరవేయడంలో ఉంటుంది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ షేర్ ట్రేడింగ్ సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త ప్రోగ్రాము పంపింది. మిగిలిన ఒక్కదానిలో ఎప్పుడో వదిలేసిన పాత కోడ్ మేల్కొని, సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది.

పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రాము రాసే ఎంబెడెడ్ రంగంలో తప్పు ప్రోగ్రాములో ఉందో, తీగలో ఉందో, కరెంటులో ఉందో తెలియదు. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ వ్యోమనౌక తనంతట తానే మళ్లీ మళ్లీ రీసెట్ అయ్యేది. తక్కువ ప్రాధాన్యమున్న పని పట్టుకున్న వనరు కోసం ఎక్కువ ప్రాధాన్యమున్న పని ఎదురుచూడాల్సి రావడమే కారణమని ఇంజనీర్లు భూమ్మీద అదే పరిస్థితిని సృష్టించి కనిపెట్టారు. మరమ్మతును కోట్ల కిలోమీటర్ల అవతలికి సందేశంగా పంపారు. టెస్టింగ్‌లో పని మొత్తం ఇతరుల తప్పులే. అక్కడ విన్‌రన్నర్, క్యూటీపీ వంటి సాధనాలు వెనకబడి సెలీనియం వచ్చినా ఏ అరుదైన సందర్భాన్ని పరీక్షించాలో ఊహించే నేర్పే ముఖ్యం. శాప్ వంటి ఈఆర్‌పీల్లో, అంటే సంస్థల నిర్వహణ సాఫ్ట్‌వేర్లలో, ప్రోగ్రామింగ్ కంటే జమాఖర్చులు, సరుకు నిల్వలు, పన్నుల నిబంధనలు తెలిసినవారు త్వరగా ఎదుగుతారు. కామర్స్ చదివినవారు అక్కడ ఇంజనీర్ల కంటే వెనకబడరు.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనది. తప్పుల స్వభావాన్ని బట్టి రంగాన్ని ఎంచుకోవాలంటే ముందు ఆ తప్పులను చూడాలి. కొత్తవారు చూసేవి మరచిన బ్రాకెట్లు, ఒకసారి ఎక్కువ తిరిగిన లూపులు, పేరు తప్పుగా రాసిన వేరియబుళ్లు. అవి అన్ని రంగాల్లోనూ ఒకటే. అందువల్ల మొదటి కొన్ని నెలల్లో ఏ రంగం తమకు సరిపడుతుందో తెలిసే అవకాశమే లేదు. ఇది నిజం, ఎంపికను వాయిదా వేయాలనడానికి కారణం కూడా ఇదే. ఒకే భాష పట్టుకుని ఆ ప్రాథమిక దశ దాటాక, రెండు మూడు రంగాల్లో చిన్నవే అయినా చివరిదాకా వెళ్లే పనులు చేస్తే ఆ రంగం తాలూకు అసలు తప్పు ఎదురవుతుంది. చివరిదాకా అన్నది ముఖ్యం. వీడియో చూస్తూ దాన్నే మళ్లీ టైప్ చేసిన ప్రాజెక్టులో తప్పులన్నీ బోధకుడు ముందే ఏరేసి ఉంటాడు. అపరిచితులు నలుగురు వాడే చిన్న వెబ్‌సైటు, ఊళ్లో కిరాణా దుకాణం లెక్కలు నిజంగా నిలవుండే డేటాబేసు, ప్రభుత్వం విడుదలచేసిన వర్షపాతం అంకెల విశ్లేషణ లాంటివి ఒక్కోటీ కొన్ని వారాల పనే.

రెండో అభ్యంతరం అప్పుకు సంబంధించింది. ఉద్యోగ ప్రకటనలు తప్పుల స్వభావాన్ని అడగవు, రియాక్ట్ తెలుసా, స్ప్రింగ్ బూట్ తెలుసా అని అడుగుతాయి. విద్యా రుణం కట్టాల్సినవారికి తీరిగ్గా ప్రయోగాలు చేసే వీలుండదు. దీనికి పూర్తి జవాబు లేదు, ఒక పనిముట్టును గట్టిగా నేర్చుకోక తప్పదు. అయితే పెద్ద సర్వీసు కంపెనీల్లో చేరే ఫ్రెషర్లకు స్ట్రీమ్‌ను చాలావరకు కంపెనీయే కేటాయిస్తుంది. శిక్షణ ముగిశాక ఏ ప్రాజెక్టులో ఖాళీ ఉంటే అందులోకి పంపుతుంది. జావా నేర్చుకుని చేరినవారు టెస్టింగ్‌లో, పైథాన్ నేర్చుకున్నవారు మెయిన్‌ఫ్రేమ్ సపోర్టులో తేలడం అక్కడ వింత కాదు. అలాంటి చోట పనిముట్టు పేరు ప్రవేశానికి మాత్రమే పనికొస్తుంది. లోపలికి వెళ్లాక నచ్చిన వైపు జరగడానికి పనికొచ్చేది డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్కులు, డేటాబేసు.

ఒకే పనిముట్టును నమ్ముకుని జీవితకాలం బాగా బతికినవారు లేరా అంటే ఉన్నారు, కోబాల్ వారే సాక్ష్యం. 1959లో రూపకల్పన మొదలైన ఆ భాష బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో ఇంకా నడుస్తోంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవారు ముందుకు రావాలని బహిరంగంగా అడగాల్సి వచ్చింది. కానీ కోబాల్ వ్యాకరణం కష్టమైనది కాదు, కొన్ని వారాల్లో వస్తుంది. పాతవారిని అరుదైనవారిగా చేసింది ఆ భాష కాక, నలభై ఏళ్ల పాటు మార్పుల మీద మార్పులు జరిగిన వ్యవస్థలో ఏది ముట్టుకుంటే ఏది విరుగుతుందో తెలియడం. అంటే అక్కడ కూడా విలువ తప్పులను పట్టే నేర్పుకే.

కోడ్‌ను కృత్రిమ మేధ రాస్తున్నప్పుడు రంగం ఎంపికకు అర్థమేమిటన్నది ఇప్పటి ప్రశ్న. 2021లో గిట్‌హబ్ కోపైలట్ వచ్చినప్పటి నుంచి ఒక ఫ్రేమ్‌వర్క్‌లోని మామూలు కోడ్ రాయడం చౌకైపోయింది. పనిముట్టు జ్ఞానం మీదే నిలబడ్డ ప్రత్యేకతకు ఇది గట్టి దెబ్బ. తొలి మెట్టు ఉద్యోగాల మీద దాని ప్రభావం ఎంత ఉంటుందో ఇప్పుడే తేల్చి చెప్పేవారిని నమ్మనక్కర్లేదు. అయితే యంత్రం రాసిన కోడ్ కూడా ఒకే బెర్తును ఇద్దరికి ఇవ్వగలదు, పొడవు సరిచూడటం మర్చిపోగలదు, 'జ్ఞా'ను విరగ్గొట్టగలదు, అదీ చూడటానికి ఎంతో సవ్యంగా కనిపించే కోడ్‌తో. అది ఎక్కడ తప్పిందో ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పేవారికి ఆ రంగపు తప్పులు పరిచయమై ఉండాలి.

ఎంపికను వాయిదా వేయమనడం అన్ని దిశల్లోనూ సమానంగా వర్తించదు. రంగాల మధ్య దారులు రెండు వైపులా ఒకేలా ఉండవు. ఫ్రంట్ఎండ్ నుంచి బ్యాకెండ్‌కు, అక్కడి నుంచి డెవాప్స్‌కు లేదా సెక్యూరిటీకి వెళ్లడం ఉద్యోగం చేస్తూనే సాధ్యం. సీఎస్‌ఎం, సీఎస్‌డీలలో చేరినవారి తొలి సంవత్సరాల పాఠాలు మామూలు సీఎస్‌ఈతో చాలావరకు కలుస్తాయి కాబట్టి కౌన్సెలింగ్‌లో పెట్టిన కోడ్ వారిని బంధించదు. సివిల్, మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవారు హైదరాబాద్, బెంగళూరుల్లో కోకొల్లలు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చెన్నైలోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివింది సివిల్ ఇంజనీరింగే, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నది కృత్రిమ మేధలో. ఎదురు దిశలో మాత్రం దారి ఇరుకు. వెబ్‌లో ఐదేళ్లు గడిపినవారు చిప్‌ల పక్కన పనిచేసే ఎంబెడెడ్ వైపు రావాలంటే సర్క్యూట్లు, సిగ్నళ్లు, ఓసిలోస్కోపు, ల్యాబు కావాలి, వాటిని రాత్రిపూట ల్యాప్‌టాప్‌లో నేర్చుకోలేరు. గణితం వదిలేసి పదేళ్లయినవారికి మెషీన్ లెర్నింగ్ పరిశోధన కూడా దాదాపు అంతే. ఈ రెంటి వైపు మనసున్నవారు మాత్రం కౌన్సెలింగ్ నాటికే ఈసీఈ గురించో, గణితం గురించో ఆలోచించుకోవాలి, మిగతావారికి డిగ్రీ మూడో ఏడు దాకా గడువుంది.